తేమ మీటర్‌లో ఎలుక

“పత్తి తడిసింది,” అంది ఫోన్‌లో చీఫ్ వనమాల.

ఏజెంట్ శ్రీకర్ చుట్టూ చూశాడు. ఎలుక జాడ విదేశీ ముఠాకు తెలిసిపోయిందని ఆ కోడ్‌కు అర్థం.

“మన ఏజెంట్ కీర్తి వస్తున్నది, ఎలుకను రైల్ల తీస్కపోతది. ఆమె చేతికి తప్ప ఎవ్వరికియ్యకు. జర పైలం.”

కేసముద్రం మార్కెట్ యార్డులోని ఒక గదిలో శ్రీకర్ పత్తి కొనే సేటు వేషంలో ఉన్నాడు. టేబుల్ కింద, పత్తి కప్పిన బుట్టలో తెల్ల ఎలుక. దాని ఒంట్లోని కేన్సర్ కణాలకు లూసిఫెరిన్ అనే మందు తగిలితే సన్నటి వెలుగు వస్తుంది. కేన్సర్ ఎక్కడిదాకా పాకిందో ఆ వెలుగే చెబుతుంది. కొత్త మందుతో పాకడం ఆగింది ఈ ఒక్క ఎలుకలోనే. వెలుగును పట్టే కెమెరా పెట్టెను తేమ మీటర్‌లా తయారుచేసి టేబుల్ మీద పెట్టారు. వేషం నిలబెట్టుకోవడానికి శ్రీకర్, సక్రు అనే రైతు పత్తిని తేమ ఎక్కువుందని పొద్దున్నే తిప్పి పంపాడు కూడా.

విత్తనాల కంపెనీ మేడమ్‌లా, నల్లకళ్లద్దాలతో కీర్తి వచ్చింది. కోడ్ సరిగ్గానే చెప్పింది. శ్రీకర్ ఊపిరి పీల్చుకునేలోపే అతని భుజంలో సూది దిగింది.

“గా కేన్సర్ కణాలే ఎక్కిచ్చిన. విరుగుడు నా బ్యాగులున్నది. ఎలుకనియ్యి.”

“నువ్వు... వాళ్ల మనిషివా?”

“ఇద్దరి మనిషిని. రైలొస్తున్నది, జల్ది!”

చచ్చిపోతానన్న భయం తప్ప శ్రీకర్ బుర్రలో ఇంకేమీ లేదు. సూది పీకేశాడు. సిరంజిలో ఒక చుక్క మిగిలి ఉంది.

“ఎలుక గీ మిషన్లనే ఉన్నది. తాళం తియ్యాలె,” అని అబద్ధమాడాడు.

“తేమ మీటర్లనా?”

ఆమెకు కనబడకుండా వీపు అడ్డం పెట్టి, చెమట చేతులతో ఆ చుక్కను మిషన్ ట్రేలో పిండి, లూసిఫెరిన్ వేసి, తలుపు మూశాడు. కణాలు బతికుంటే వెలగాలి. కెమెరాకు నిమిషం పడుతుంది.

“ఇంకెంతసేపు?” కీర్తి పిస్తోలు అతని వీపుకు తగిలింది.

రైలు కూత వేసింది. ఎలుకనిచ్చేస్తే బతుకుతాను కదా అనిపించింది శ్రీకర్‌కు. సిగ్గులేకుండా చెయ్యి టేబుల్ కిందికి పోయింది. బుట్ట పిడి అందింది కూడా.

అప్పుడే స్క్రీన్ మీద ఫొటో వచ్చింది. అంతా నలుపే. ఎక్కడా వెలుగు లేదు. తనకు ఎక్కించింది ఉత్త ఉప్పునీళ్లు!

పక్కనున్న పత్తి బస్తాను కీర్తి మీదికి తోసి, వేలం గంట తాడు లాగాడు. ఆమె పేల్చిన గుండు పత్తిలో దిగబడింది. గంట విని, హమాలీల వేషంలో కాపుకాసిన తోటి ఏజెంట్లు లోపలికి దూకి ఆమెను పట్టుకున్నారు.

బుట్ట భద్రంగా రైలెక్కింది. శ్రీకర్ మాత్రం నిలబడలేక, గుమ్మంలో కనబడిన మనిషి చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి సక్రు.

“నా పత్తి తడిగున్నదని తిప్పి పంపితివి గద సేటూ,” అన్నాడు సక్రు. “నీ చెయ్యి దానికన్న తడిగున్నది.”