కదపకూడని కొలువు

కుర్చీ చూపించినా సంపత్కుమార్ కూర్చోలేదు. తిరుపతి గాంధీరోడ్డులో మేడమీది ఆ ఇరుకు గదిలో, తలుపుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే డిటెక్టివు ధనంజయకు తన గోడు చెప్పుకున్నాడు. తరతరాలుగా గుడి కైంకర్యం చేసే ఇల్లు అతనిది. అద్దాల బీరువా నిండా బొమ్మకార్లు ఉన్నాయట, అన్నీ ఇంగ్లండులో పోతపోసిన లోహపు కార్లే. అందులో ఎర్రకారు ఒకటి రాత్రికి రాత్రి పోయింది. చిన్నప్పుడు వాళ్ల నాయన మద్రాసు నుంచి తెచ్చింది అది; ఆ పిచ్చికి అదే మొదలు. దానికి బదులు రెండు అరుదైన కార్లు ఇస్తానన్న మద్రాసు ఆసామి ఈ మధ్యాహ్నమే వస్తాడు.

"పనిమనిషి గంగులమ్మే తీసింది సార్. మూట విప్పించినాం, కొంగు విప్పించినాం, దొరకలేదు. మధ్యాహ్నం దాకా చూస్తా. ఆపైన స్టేషనుకే అప్పగిస్తా."

"కొంగు ఎవరు విప్పించినారు?" అని అడిగాడు ధనంజయ.

"మా అక్క, కోమలవల్లి."

ధనంజయ లేచి చెప్పులు వేసుకున్నాడు. అసిస్టెంటు రామచంద్ర గొడుగు అందుకుని వెంట నడిచాడు. తన గురువు నోట అనవసరమైన ప్రశ్న రావడం అతను ఎరగడు. ఆ కొంగు సంగతి దారంతా అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఎనభై ఒకటో సంవత్సరం దసరా రోజులు. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఇల్లు. అరుగు మీద గంగులమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పారిపోతుందని ఆమె చెప్పులు లోపలికి తెచ్చి వెనక నడవలో బుట్ట కింద దాచారు.

"ఆ కార్ల జోలికి ఎప్పుడన్నా పోయినావా?" అని ధనంజయ అడిగాడు.

"ఆ బీరువా పక్కకి పోతేనే ఈయప్ప కసురుకుంటాడు సామీ. నా మనవడు సైకిలు టైరు దొర్లించుకుంటా ఊరంతా తిరుగుతాడు. వానికెందుకు కారు?"

నడిమింటి కూడంలో ఒక పక్కంతా బొమ్మల కొలువు. మెట్ల మీద రక్తచందనం బొమ్మలు. కింద నేల మీద ముగ్గుపిండి పరిచి నాలుగు మాడవీధులు తీర్చారు, బ్రహ్మోత్సవం జరుగుతున్నట్టు. ఒక మూల తేరు. నడిమధ్య, మోసేవాళ్ల చెక్కబొమ్మల భుజాల మీద గరుడ వాహనం. దాని కింద నేలదాకా వేలాడే పట్టుగుడ్డ. రామచంద్ర చేతులు జోడించాడు. ధనంజయ వంగి నేలను చూశాడు. పిండిలో అంచు నుంచి పట్టుగుడ్డ దాకా రెండు సన్నని గీతలు జంటగా సాగాయి. తేరు చుట్టూ పిండి చెదరలేదు.

ఇల్లంతా వెతికామని సంపత్కుమార్ చెప్పాడు. కొలువు కూడానా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "అది కదపకూడదు గద సార్. దశమి రాత్రి అక్క ఒక బొమ్మను పడుకోబెట్టినాకే ఎవరైనా చెయ్యి వేసేది."

బీరువా తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి పూజగదిలో, దీపం పక్క మేకుకు వేలాడుతోంది. బీరువా పైన పాత ఫొటో ఒకటి ఉంది, అందులో ముగ్గురు పిల్లలు. అందరికన్నా చిన్నవాడు కారును గుండెకు అదుముకుని నిలబడ్డాడు. ఎవరని రామచంద్ర అడిగాడు. తమ్ముడు వరదు, చిన్నప్పుడే పోయాడని చెప్పి సంపత్కుమార్ మాట మార్చాడు.

కోమలవల్లి అడిగినదానికల్లా పొడిపొడిగా జవాబు చెప్పింది. నిన్న పేరంటాళ్లు వచ్చారు, గుగ్గిళ్లు, తాంబూలం ఇచ్చి పంపింది, ఇంకేమీ ఎరగదు. తనంతట తాను అడిగింది ఒక్కటే: ఈరోజు కారు దొరక్కపోతే మద్రాసాయన మళ్లీ వస్తాడా అని.

మద్రాసు ఆసామి వచ్చాడు. ధనంజయ అందరినీ కూడంలో నిలబెట్టి, గంగులమ్మనూ లోపలికి పిలిపించాడు.

"బీరువాను తాళంచెవితోనే తెరిచినారు. అది పూజగదిలో ఉండాది. సంపత్కుమార్ గారూ, గంగులమ్మను ఏనాడైనా ఆ గడప దాటనిచ్చినారా?"

గంగులమ్మే చెప్పింది, "ఆ గడప బయటినుంచే కడగతా సామీ."

"పేరంటాళ్లూ మడి గదిలోకి పోరు. మిగిలింది మీరూ, మీ అక్కా. కారు పోతే మీకు నష్టమే గానీ లాభం లేదు. ఇక ఇల్లంతా వెతికినారు, ఒక్క చోటు తప్ప." ధనంజయ కొలువు ముందుకు నడిచాడు. "వాహనం భుజాల మీద పోతుంది. చక్రాల మీద పోయేది తేరు. ఈడ తేరు కదల్లేదు, గరుడ వాహనం కిందికి మాత్రం చక్రాల జాడ పోయింది. మీరే ఎత్తండమ్మా."

"దశమి దాకా కదపకూడదు" అంది కోమలవల్లి.

"నిన్న కదిపింది మీరే గదమ్మా. ఎత్తకపోతే ఈమె స్టేషనుకు పోతాది. ఏది పాపమో మీరే చూసుకోండి."

ఆమె వంగి పట్టుగుడ్డ తొలగించింది. ఎర్రకారు బయటపడింది. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"ఇది వరదుది. జ్వరంలో వాని పిడికిట్లో నుంచి అమ్మ దీన్ని ఊడదీయలేకపోయింది. వాడు పోయిన మర్నాడే నాదన్నావు. ఇప్పుడు మద్రాసుకిస్తావా?"

గురువు మెత్తబడతాడేమోనని రామచంద్ర చూశాడు. ధనంజయ ముఖం మారలేదు.

"పోయిన పిల్లవాని కోసం బతికుండే మనిషి కొంగు విప్పించినారు" అన్నాడు. "అందులో లేదని తెలిసే విప్పించినారు."

మద్రాసు ఆసామి తన సంచీ సర్దుకుని, తనకు ఆ కారు వద్దని వెళ్లిపోయాడు. సంపత్కుమార్ చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు. ఆ తర్వాత గానీ అతనికి పనిమనిషి గుర్తు రాలేదు.

"జరిగింది మరిచిపో గంగులమ్మా. రేపు పొద్దున్నే రా, పండగ పని ఉండాది."

గంగులమ్మ నడవలోకి పోయి బుట్ట ఎత్తింది. చెప్పులు అక్కడే కాళ్లకు తొడుక్కుంది.

"కొలువు కదపకూడదంటిరి" అంది. "నన్ను మాత్రం కొంగు కొసదాకా కదిపి సూస్తిరి."

ఆ చెప్పుల కాళ్లతోనే కూడంలోకి వచ్చి, కొలువు ముందునుంచి నడిచి వీధిలోకి పోయింది.