బాగుచేయకూడని పెట్టె

"ఇందులో ఏదో పోయిందండీ" అన్నాడతను, హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసి.

ఆమెకు నవ్వొచ్చింది. తిత్తి చిరిగిందని కిందటి వారం పెట్టె తెచ్చి ఇచ్చాడు. నాన్న నడుంనొప్పితో వెనక గదికి పరిమితమయ్యాక రిపేరు షాపు ఆమే చూసుకుంటోంది. తిత్తికి కొత్త తోలు వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ మంద్రంలో ఒక మెట్టు నొక్కితే, దాని కింద జంటగా పలకాల్సిన ఇత్తడి రీడ్లు రెండూ పొత్తు కుదరక వణుకుతున్నాయి. అంత చక్కటి పెట్టెలో ఆ లోపం ఉంచడానికి ఆమెకు మనసొప్పలేదు. తెచ్చినవాడు కూడా చక్కగానే ఉన్నాడు మరి. అడక్కుండానే ఒక రీడు గీసి శ్రుతి కలిపేసింది. మెచ్చుకుంటాడని ఆ పొద్దున తల కూడా శ్రద్ధగా దువ్వుకుంది.

"పోయింది వణుకు. నేనే తీసేశాను" అంది గొప్పగా.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. అరిచినా బాగుండేది. ఫోన్ తీసి, ఈ పెట్టె మీద తను పాడుకున్న పాటొకటి పెట్టాడు.

జోలపాటలా మొదలైంది. అడుగున ఆ మెట్టు వణుకుతోంది. పైన అతని గొంతు వెనక్కి నడుస్తున్నట్టు సాగుతోంది. పొగమంచులోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు, పలికితే తిరిగి రాలేమన్నట్టు ఉంది. ఆమె చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎవరమ్మా పోయింది?" వెనక గదిలోంచి నాన్న అడిగాడు.

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. అమ్మమ్మలు పాడే వరసలనే చీకట్లో కల వచ్చినట్టు సాగదీసి పాడతాడట. ఈ శనివారం మొదటిసారి ఒక హాల్లో పాడమని పిలిచారట. పాటలన్నీ ఆ వణుకు మీదే నిలబడ్డాయి.

"ముందే చెప్పొచ్చుగా" అంది.

"చెబితే నవ్వుతారనుకున్నాను."

గీసిన లోహం తిరిగి అతుక్కోదు. రెండూ మళ్లీ కాస్త ఎడమయ్యేలా జంటలో రెండో రీడుని గీసి చూద్దామంది. ఇక రోజూ సాయంత్రం ఆమె కాస్త గీసి బిగించడం, అతను కళ్లు మూసుకుని మెట్టు నొక్కి తల అడ్డంగా ఊపడం. బయట వాన. మధ్యలో అమ్మ పంపే టీ. అతని పాటలు పెడితే దొంగలు కూడా ఈ వీధికి రారని ఆమె ఏడిపించింది. అతను నవ్వి, చిన్నప్పుడు తనకి చీకటంటే భయమన్నాడు. వాళ్లమ్మ రాత్రి డ్యూటీకి వెళితే ఒక్కడే ఉండేవాడట. పాడుతుంటే ఆ భయం కాస్త దూరంగా కూర్చుని వినేదట.

ఆ మాట విన్నాక ఆమెకు ఆ పాటలు దయ్యాల పాటలనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఆకురాయి కింద పెట్టేసింది.

"ఇంకోసారి గీస్తే విరిగిపోతుంది. పాత వణుకు రాలేదు. చెడగొట్టింది నేనే."

అతను మెట్టు నొక్కి పట్టుకున్నాడు. వణుకు వచ్చింది. మునుపటికన్నా నెమ్మదిగా, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు. పాట మొత్తం వాయించాడు. భయంగానే ఉంది, కానీ లేచి వెళ్లిపోవాలనిపించలేదు.

"ఇదివరకు ఈ పాటలో ఒక్కడే ఉన్నట్టుండేది" అన్నాడు చివరికి. "రేపు వస్తారా?"

"మీ పాటలంటే నాకు భయమండీ."

"నాకూ భయమే. అందుకే పక్కన కూర్చోమంటున్నాను. రేపొక్కరోజుకే కాదు."

ఆమె వేళ్లకంటిన ఇత్తడి పొడిని చీరకొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఈలోగా గుమ్మం పట్టుకుని నాన్న నిలబడ్డాడు. "మాకు మాత్రం వెనక వరసలో సీట్లు చెప్పు బాబూ. ముందు కూర్చుంటే మీ అత్తయ్య జడుసుకుంటుంది."

అత్తయ్య అన్న మాటకి అతను తిత్తి మూసి గడియ వేయడం మరిచిపోయాడు. ఆమె చెయ్యి చాచి తానే వేసింది.

"మీకు వెనకే చెప్తాడులే నాన్నా" అంది, అతని కళ్లలోకి చూస్తూ. "నేను పక్కన కూర్చుంటున్నా."