టోపీకి ఒక పిన్ను

"డాక్టర్ కేశవరావుని ఈ మధ్యాహ్నం చంపబోతున్నారు," అన్నాడు ఆంజనేయప్రసాద్ కాఫీలో చక్కెర కలుపుతూ. "ఎవరో తెలీదు. చోటు మాత్రం తెలుసు."

గూఢచారి ఏజెన్సీలో ఆయన రుత్విక్‌కి బాస్. ప్లెయిన్స్‌బరోలో ఇరుగుపొరుగుకి మాత్రం రుత్విక్ ఒక డేటాబేస్ కన్సల్టెంట్.

"చోటు మార్చేయొచ్చుగా సార్?"

"మారిస్తే మీరియమ్ దొరికిపోతుంది. శత్రు గూఢచారుల రింగ్‌లో ఉంటూ మనకి పనిచేస్తోంది. వాళ్ల తాత మీరు కలిసే సినగాగ్‌లో, అదే ఆ యూదుల గుడిలో, పూజారిలాంటి రబ్బీ, ఆ బెంచీల మధ్యే పెరిగింది. మనవాళ్లెవరూ ఆమెను చూడలేదు. కోడ్ ఉంది. తనని కొనాలని చూసిన వాళ్లెవరో కేశవరావు ఆమె ఎదుటే మనకి చెప్తాడు. ఆయన ప్రాణం నీ బాధ్యత."

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ ఒకప్పుడు యూదుల పేట. ఇప్పుడు వీధి పొడవునా చైనీస్ కూరగాయల కొట్లు. వాటి మధ్య ఆ పాత సినగాగ్ ఎవరితోనూ మాటల్లేనట్టు నిలబడి ఉంది. గుమ్మం దగ్గర ముసలి కేర్‌టేకర్ రుత్విక్‌కీ కేశవరావుకీ గుండ్రటి చిన్న టోపీలిచ్చాడు. ఆయన చంకలోంచి ప్రార్థన పుస్తకం జారిపడింది. తీసి, ముద్దుపెట్టుకుని, అరలో సర్దాడు.

లోపల మసక చీకటి. పవిత్ర గ్రంథాల పేటిక ముందు ఎప్పటికీ ఆర్పని దీపం ఎర్రగా వెలుగుతోంది. రుత్విక్‌కి భయం ఎప్పుడూ వాసనలాగే తెలుస్తుంది. ఎక్కడినుంచో తెలియదు, వస్తుంది.

నల్ల గౌనులో ఒక అందమైన స్త్రీ బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చింది.

"ఆ కిటికీ పాతదేనా?" రుత్విక్ ఇంగ్లీషులో అడిగాడు.

"పాతది పగిలిపోయింది."

కోడ్ సరిపోయింది. వాసన పోలేదు.

"ఈ బట్టతల మీద ఇది నిలవదోయ్," అన్నాడు కేశవరావు, జారుతున్న టోపీని పట్టుకుంటూ. నేపర్‌విల్‌లో రిటైరైన రాడార్ సైంటిస్టు ఆయన. "మీ ఆంటీ ఉంటే క్లిప్ ఇచ్చేది." ఆయన మోచెయ్యి తగిలి బెంచీ మీది ప్రార్థన పుస్తకం కింద పడింది.

మీరియమ్ నవ్వి, కొప్పులోంచి పొడవాటి పిన్ను తీసింది. "లెట్ మీ హెల్ప్."

రెండడుగులు వేసింది. చీకట్లో ఆమె కాలు కింద పడ్డ పుస్తకానికి తగిలింది. ఆగింది. వంగి పుస్తకాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత పిన్ను పైకెత్తింది.

లెక్కల పుస్తకం తొక్కినందుకు అమ్మ వేసిన దెబ్బ రుత్విక్ వీపు మీద చురుక్కుమంది. ఆలోచన పుట్టకముందే చెయ్యి కదిలింది. కేశవరావు నెత్తికి వెంట్రుకవాసి దూరంలో ఆమె మణికట్టు దొరికింది. పిన్ను కొన మీద తడి మెరిసింది.

"ఏంటోయ్, పాపం హెల్ప్ చేస్తుంటే," అన్నాడు కేశవరావు.

పెనుగులాటలో ఒక బెంచీ పడింది. ఆమె చేతులకి బేడీలు పడ్డాయి.

"మీరియమ్ ఎక్కడ?" రుత్విక్ తెలుగులోనే అడిగాడు.

"కోడ్ చెప్పేదాకా ఉంది." జవాబు స్వచ్ఛమైన తెలుగులో వచ్చింది.

రుత్విక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మడమ కింద పుస్తకం. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు.

ఆమె అదంతా చూసింది. మొదటిసారి మనసారా నవ్వింది.

"నిన్నూ ఎవరో ఒకరు ఇలాగే పట్టుకుంటారు బాబూ."