స్వర్ణముఖి ఒడ్డున బెణికిన కాలు

"నీళ్ల పక్కన నడకేందే ధరణీ? హోటల్లో కూర్చొని మాట్లాడుకుంటే చాల్దా? జారితే ఏం గతి?"

"చిన్నపిల్లోళ్లు సైకిలు తొక్కే దారిమా అది. నువ్వు ఊరికే ఉండు."

ఊరికే ఎలా ఉండను? తిరుపతి బయట స్వర్ణముఖి ఒడ్డున చదును చేసిన ఆ దారి నిండా ఆదివారం సంసారాలే. పిల్లలు, ముసలివాళ్లు, బఠాణీల బండి. అయినా నా గుండె నా మాట వినదు. పైగా ఆ సాయంత్రంలోగా సత్యవేడు సంబంధం వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి.

నా కూతురు ధరణి ఎక్స్‌రే సెంటర్‌లో పనిచేస్తుంది. పుత్తూరులో ఎముకలకు కట్లు కట్టే దొరస్వామిగారి కొడుకు రూపేష్, రోగులను వెంటబెట్టుకుని అక్కడికి వస్తుంటాడు. రెండేళ్లుగా వస్తున్నాడు, నవ్విస్తున్నాడు, వెళ్తున్నాడు. పెళ్లి మాట మాత్రం ఎత్తడు.

"ఈ పొద్దు అడిగితే సరి. లేకుంటే సత్యవేడోళ్లకు ఊ అనేస్తా" అని పొద్దునే నాతో తెగేసి చెప్పింది. ఆ సంగతి అతనికి తెలియదు.

వాళ్లిద్దరూ ముందు, పది అడుగుల వెనక నేనూ దొరస్వామిగారూ. ఒక్కదాన్నే వెనక నడిస్తే కాపలా కాసినట్టుంటుందని ఆయన్ను నేనే రమ్మన్నాను.

"షూస్ కొత్తవా?" అన్నాడు రూపేష్.

"ఇప్పుడు కనపడినాయా?"

"నేను ముందు చూసేది కాళ్లే. అలవాటైపోయినాది."

"మొహం ఎప్పుడు చూస్తావో చెప్పు, రెడీగా ఉంటా."

అతను నవ్వాడు. అంతే. అడగలేదు.

వంతెన దగ్గర వెనక్కి తిరిగాం. తుంపర మొదలైంది. ధరణి మాటలు తగ్గించి అడుగులు పెంచింది. తడిసిన రాయి మీద కాలు మడత పడి కూలబడింది.

నా బిడ్డ కుంటిదైపోయింది, రెండు సంబంధాలూ పోయాయి అనుకున్నాను.

రూపేష్ మోకాళ్ల మీద కూర్చుని, షూ విప్పి, మడమ పట్టుకున్నాడు.

"ధరణీ, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె తలెత్తేలోపు పాదాన్ని చిన్నగా తిప్పేశాడు.

వాళ్లింట్లో ఎముక సరిచేసే ముందు, నొప్పి మీది ధ్యాస పోయేలా ఏదో ఒకటి అడుగుతారు. 'గ్యాస్ ఆపి వచ్చినావా?' అంటారు. మనిషి ఆలోచనలో పడగానే లాగేస్తారు. ఈ కిటుకు చెప్పి రూపేషే ధరణిని ఎన్నోసార్లు నవ్వించాడు.

ఇప్పుడు ఆమె నవ్వలేదు. ముఖం పాలిపోయింది.

"గ్యాస్ అడిగే బదులు ఇదా? ఈ మాటతోనా ఆటలు?" అని పాదం లాక్కుంది. "పోదాం రామ్మా."

"అది కాదు ధరణీ..."

"ఇంక మాట్లాడొద్దు."

ఈలోగా దొరస్వామిగారు వంగి ఆమె చీలమండను రెండు వేళ్లతో తడిమి చూశారు.

"ఏమ్రా, కీలు తప్పలేదే. ఉట్టి బెణుకు. దీనికి తిప్పే పనేముండాది?"

"తెలుసు నాయనా."

"తెలిసీ ఎందుకు తిప్పినావు?"

రూపేష్ నేల చూపులు చూశాడు. "అడిగేసినాక భయమేసింది. కాదంటుందేమోనని. జవాబు వినేలోపే చెయ్యి దానంతట అదే తిరిగిపోయినాది."

"అయితే ఆ పెళ్లి మాట?" అన్నారాయన.

"నిజంగానే అడిగినా. రెండేండ్ల నుంచి అడగాలనే వస్తాండా. కాలు చేతిలో ఉంటే తప్ప నాకు ధైర్యం రాలేదు."



తుంపర వానయింది. దొరస్వామిగారు భుజం మీది తువ్వాలు తీసి చీలమండ చుట్టూ బిగించి ముడివేశారు. ధరణి ఆ ముడినే చూస్తూ కూర్చుంది. నా సంచిలో ఫోన్ మోగింది. సత్యవేడు నుంచి. నేను ఎత్తలేదు. ఆగి, మళ్లీ మోగింది. ఇక ఈ పిల్ల నోరు తెరవదు, తెరిచినా ఇతన్ని వద్దనే అంటుంది అనిపించింది నాకు. రూపేష్ ఆ ఒంటి షూ పట్టుకుని తడుస్తూనే ఉన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

"చేసుకుంటా" అంది ధరణి. "ఇంకోసారి నేను జవాబు చెప్పేలోపల కాలు తిప్పినావంటే ఊరుకోను."