బాటిల్లో బుడగ

"ఆ రిపోర్టు చెల్లదండీ," అంది మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే అమ్మాయి, డ్రైక్లీనింగ్ షాపు గుమ్మంలో నిలబడి.

ఇస్త్రీ చేస్తున్న షాపు వాళ్ళబ్బాయికి ఒళ్ళు మండింది. పాత డ్రమ్ము కారి, మరకలు తీసే మందు నేలలోకి ఇంకిందని ఇంటిల్లిపాదీ బెంగపడ్డారు. బోరు నీళ్ళు శుభ్రమని పొద్దున్నే ఫోనొచ్చి ఊపిరి పీల్చుకున్నారు.

"చెప్పింది మీ మెషినేగా?"

"బాటిల్ నింపింది మీరు. పైన ఇంత బుడగ వదిలారు."

"బుడగేగా! మీకు శ్రమెందుకని నేనే నింపుకొచ్చా. మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది."

ఆమె నవ్వు ఆపుకుంది. అది చూసి అతని కోపం సగం చల్లారింది.

"ఈ మందు ఒకచోట కుదురుగా ఉండదండీ. మట్టికి కొంత, నీళ్ళకి కొంత, గాలికి కొంత, ఎవరి వాటా వాళ్ళకి ముట్టాకే సర్దుకుంటుంది. మీ బుడగ కూడా తన వాటా లాక్కుంది. మూత తీయగానే అది కాస్తా ఎగిరిపోయింది, మెషిన్‌కి దొరకలేదు."

"అయితే నేల కింద?"

"మట్టి సందుల్లోనూ గాలుంటుంది. మందు అందులో కలిసి గచ్చు పగుళ్ళలోంచి పైకొస్తుంది. వెనక గదిలో ఎవరుంటారు?"

"అక్క, చంటిపాప. అక్కకి ఈమధ్య రోజూ తలనొప్పి."

లోపల్నుంచి అమ్మ కేకేసింది. "వచ్చిన మంచి రిపోర్టు చాల్లేరా! షాపు మూస్తే ఏం తింటాం?"

అతను ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపేశాడు. "అక్కనీ పాపనీ మేడ మీదికి పంపమ్మా. మీరు డ్రిల్లు తీయండి, గచ్చుకి కన్నం వేసి చూద్దాం."

గచ్చు కింది గాలిలో మందు తేలింది. నేలకి పైపు దింపి, ఫ్యానుతో ఆ గాలిని బయటికి లాగేదాకా షాపు మూతపడింది. అమ్మ ఆ అమ్మాయితో మాట్లాడటం మానేసింది. కానీ మేడెక్కిన వారానికే అక్క తలనొప్పి పోయింది. ఆ తర్వాత అమ్మే పిలిచి టీ ఇచ్చింది.

చివరి పరీక్షలో గది గాలి బాగుందని తేలింది. ఆమె సామాను సర్దుకుంటుంటే అతను ఎదురొచ్చి నిలబడ్డాడు.

"రిపోర్టు బాగుందని చెబుతున్నాననుకోకండి. మీరంటే ఇష్టమని షాపు మూసిన రోజే చెప్పాలనుకున్నా. లంచమనుకుంటారని ఆగా."

"నేనూ అందుకే ఆగాను. ఇవాళ్టితో మీ షాపు కేసు నా చేతిలో లేదు," అందామె, సూటిగా చూస్తూ. "ఇంకేమైనా అడగాలా?"

"ఆటో పిలవమంటారా?" అన్నాడతను.

పాపని చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ తల కొట్టుకుంది. "పెళ్ళి చేసుకుంటావా అని అడగరా, మొద్దూ!"