ఆరని గోడ

"ఈ ఇటుక వాసన చూశావా?"

మా పొరుగున ఉండే జులేమా నాతో అన్న మొదటి మాట అదే. న్యూ మెక్సికో ఎడారిలో, డెమింగ్ ఊరి బయట, నానబెట్టిన న్యూస్‌పేపర్ల గుజ్జులో మట్టి కలిపి ఇటుకలు పోస్తున్నాను. అమ్మకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మా రేకుల ట్రైలర్ ఎండకి నిప్పుల కుంపటి. ఆమెకో చల్లటి గది కట్టాలని నా తాపత్రయం.

"వాసన చూడ్డానికి ఇదేమన్నా రొట్టెనా?"

"రొట్టెకి పట్టినట్టే దీనికీ బూజు పట్టింది. బోరాక్స్ కలపలేదా?"

"బట్టలుతికే పొడి గోడకెందుకు?"

"గోడకి కాదు, మీ అమ్మ పీల్చే గాలికి. మా నాన్న ఇలాంటి ఇటుకలతోనే కట్టిన ఇల్లు రెండు వానలకే నల్లబడింది."

నవ్వేశాను. గది లేపి, తడారకముందే పూత పూసి, అమ్మని అందులోకి మార్చాను. జూలై వానలకి గోడంతా నల్లటి మచ్చలు. అమ్మ దగ్గు ఆగలేదు. ఆమెని బయటికి మోసుకొచ్చి, గది కూలగొట్టి, తలొంచుకుని జులేమా ఇంటికెళ్లాను.

"చెప్పానా?" అని అనలేదు. బోరాక్స్ డబ్బాలు బండిలో పెట్టి వచ్చేసింది.

ఈసారి రాతి పునాది, గుజ్జులో సిమెంటు, బోరాక్స్. జులేమా రోజూ గోడకి బుగ్గ ఆనించి తడి చూసేది.

"గోడని చూడు. నన్ను కాదు."

"గోడనే చూస్తున్నా."

అమ్మ కుర్చీలోంచి నవ్వేది. "ఇంకా ఆరలేదా పిల్లా?"

"ఇంకో వారం, అత్తా."

సెప్టెంబరులో, ఆ వారం పూర్తవకముందే అమ్మ పోయింది.

జులేమా రావడం మానేసింది. పూత నేనొక్కణ్ణే పూశాను. నెల చూసి, వాళ్లింటికెళ్లాను.

"ఎందుకు రావట్లేదు?"

"ఇంకో వారం, ఇంకో వారం అని నేనే ఆపాను. అత్తని మంచి గదిలో ఒక్క రోజైనా ఉండనివ్వలేదు."

"బూజు గదిలో పడుకోబెట్టింది నేను, జులేమా."



"అత్తకి తెలుసు," అంది జులేమా. "గది తనకి అందదని నాతో చెప్పింది. 'గోడ ఆరిందా అని రోజూ అడుగుతా, నువ్వు రోజూ వస్తావని. నేను పోయాక వీడు ఒంటరివాడైపోతాడు' అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే, అమ్మ మాట కోసం నన్ను రమ్మంటావేమోనని."

"అమ్మ అడక్కముందే నిన్ను మా ఇంటికి రమ్మనాలనుకున్నాను."

జులేమా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె లేచి, చెప్పులేసుకుని, నాకంటే ముందు గుమ్మం దిగింది.