పన్నెండు శాతం తేమ

"ఒక్క అంకె," అన్నాడు చీఫ్. "అది మారితే ఈ ఏటి గోధుమ పంటంతా బూజు పట్టిపోతుంది."

ఏజెంట్ ఉడుము కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. బయటి లోకానికీ, కట్టుకున్న భార్యకీ మాత్రం అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్.

"రేపు ఉదయం పదింటికి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి మూడు లక్షల మంది రైతులకి మెసేజ్ వెళ్తుంది. గింజలో తేమ పన్నెండు శాతానికి దిగాకే గాదెలో పొయ్యండి అని. విదేశీ ముఠా ఆ పన్నెండుని పద్దెనిమిది చెయ్యబోతోంది."

"పద్దెనిమిది దగ్గర పోస్తే?"

"వారంలో గింజ వేడెక్కుతుంది. నెలలో బూజు. అప్పుడు ముఠా ఓడలు మన రేవులో నిలబడి నోటికొచ్చిన ధర చెప్తాయి."

"మెసేజ్ ఆపేస్తే పోలా?"

"కోతలైపోయాయి. మెసేజ్ కోసమే అందరూ కాచుక్కూర్చున్నారు. వెళ్లాలి, సరైనదే వెళ్లాలి. దాని కింద సంతకం ఎవరిదో తెలుసుగా?"

తెలియకేం! ఉడుము భార్యది. పందొమ్మిదేళ్లుగా ఆవిడ పరిశోధనంతా గింజ నిల్వ మీదే. రైతులు ఆవిడని గింజలమ్మ అంటారు. ఆవిడ ఎండబెట్టమంటే ఎండబెడతారు, పొయ్యమంటే పోస్తారు. ఒక్కసారి ఆ మాట తప్పయిందంటే పంటతో పాటు పందొమ్మిదేళ్ల నమ్మకమూ గంగలో కలుస్తుంది.

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. "అనుమానం ఇతని మీద. విజిటింగ్ ప్రొఫెసర్."

వెండి జుట్టు. వెడల్పాటి నవ్వు. ముత్యాలు పేర్చినట్టున్న పలువరస. ఆ పలువరస గురించి ఉడుము మూడు వారాలుగా రోజూ భోజనం దగ్గర వింటున్నాడు. "ఆయన నవ్వితే హాలంతా వెలుగొస్తుందండీ" అంటుంది భార్య, మొగుడి పళ్లెంలో ఏముందో చూడకుండా. తిన్నది ఒంటికి పడితే ఒట్టు.

"సార్, ఆ పళ్లు నేనే రాలగొడతాను."

"ముందు రుజువు. తర్వాత పళ్లు," అన్నాడు చీఫ్. "మన మనిషి ఒకావిడ అక్కడే ఉంది, పత్రిక ఫొటోగ్రాఫర్‌గా. 'ఈ ఏడు పురుగు ఎక్కువా?' అంటుంది. 'పురుగు కంటే తేమ ప్రమాదం' అనాలి నువ్వు."

"నా మారువేషం?"

"అక్కర్లేదు. భర్తగా వెళ్లు."

ఇరవయ్యేళ్ల సర్వీసులో ఉడుము బిచ్చగాడయ్యాడు, పైలట్ అయ్యాడు, ఒకసారి నిండు గర్భిణిగా ఓడ కూడా ఎక్కాడు. ఈ వేషానికి మాత్రం రిహార్సల్ లేదు. చీఫ్ అతని చేతికి ఒక టిఫిన్ కారియర్ ఇచ్చాడు. పై గిన్నెలో భోజనం. కింది గిన్నెలో జామర్. మీట నొక్కితే తొంభై సెకన్ల పాటు ఆ బిల్డింగ్ నుంచి ఒక్క మెసేజ్ బయటికి పోదు. తొంభై దాటితే బ్యాటరీ చచ్చిపోతుంది.

మర్నాడు తొమ్మిదింబావుకి ఉడుము విశ్వవిద్యాలయం హాల్లోకి అడుగుపెట్టాడు. గింజ నిల్వ మీద రోజూ జరిగే శిక్షణ తరగతి. నాలుగొందల మంది రైతులు. స్టేజీ మీద భార్య, పక్కనే ఆ వెండిజుట్టు పెద్దమనిషి. ఆయన ఏదో అన్నాడు, ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. ఉడుము పళ్లు పటపటా కొరికాడు. ఇంట్లో తను జోకు వేస్తే "సరేగానీ గ్యాస్ కట్టారా?" అంటుందే, ఇక్కడ ఇంత నవ్వు ఎక్కణ్నుంచి వచ్చింది?

"ఈ ఏడు పురుగు ఎక్కువా?"

చెవి పక్కన తేనెలాంటి గొంతు. తిరిగి చూస్తే ఊదారంగు కళ్లద్దాలు, మెళ్లో కెమెరా, కళ్లు తిప్పుకోనివ్వని అందం.

"పురుగు కంటే తేమ ప్రమాదం," అన్నాడు ఉడుము, తడారిన నోటితో.

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని దగ్గరికి జరిగింది. "మనకి కావాల్సిన దొంగ ఆ ప్రొఫెసరే. గింజల పళ్లెం తిరిగే టైముకి రోజూ మాయమవుతున్నాడు. ఇవాళా పోతాడు, చూడండి. వెనకాలే వెళ్లండి. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా."

స్టేజీ మీద గింజలమ్మ ఒక్క క్షణం మాట తడబడింది. మళ్లీ అందుకుంది.

"మీటరు లేనివాళ్లు కంగారు పడకండి. ఎండిన గాజు సీసాలో కాస్త పొడి ఉప్పు, గుప్పెడు గింజలు వేసి బాగా ఊపండి. ఉప్పు సీసాకి అంటుకుందంటే తేమ ఇంకా ఉన్నట్టే."

"ఎండబెట్టేసరికి మబ్బేస్తే ఏంటమ్మా దారి?" అరిచాడొక రైతు.

"పల్చగా పరిచి గంటకోసారి తిరగెయ్యి బాబాయ్. కుప్ప పోసి పట్టా కప్పావో, నీ చేత్తో నువ్వే ఉడకబెట్టుకున్నట్టు. సరే, పళ్లెం వస్తోంది, గింజ పంటి కింద పెట్టి చూడండి. కటుక్కుమంటే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకో రెండెండలు కావాలి."

పళ్లెం కదిలింది. హాలంతా కటకటలు. అది స్టేజీ దగ్గరికి వచ్చేసరికి ప్రొఫెసర్ మెల్లిగా లేచి పక్క తలుపులోంచి జారుకున్నాడు. గింజల ప్రొఫెసర్ గింజల్ని చూసి పారిపోవడం! దొరికాడు దొంగ! కారియర్ చేతబట్టి ఉడుము వెంటపడ్డాడు.

వరండా చివర వాష్‌రూమ్. తలుపు ఒక్క తన్ను. చేతిలో పిస్తోలు.

"కదిలితే పళ్లు రాలగొడతా!"

వాష్‌బేసిన్ దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయి, పెదాలు నోట్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. వెండి జుట్టు లేకపోతే ఎవరో గుర్తుపట్టడం కష్టమే. ఆయన కుడి అరచేతిలో పై పలువరస, ఎడం అరచేతిలో కింది పలువరస.

"కావాలంటే తీసుకో నాయనా, కాల్చకు," అన్నాడు బోసినోటితో.

ఉడుము పిస్తోలు దించాడు.

"మొదటిరోజు గింజ కొరికితే పై వరస చిట్లింది," అన్నాడు ప్రొఫెసర్. "అప్పట్నుంచీ పళ్లెం కనబడితే ఇక్కడికొచ్చి దాక్కుంటున్నా. నలభై ఏళ్లు గింజల మీద బతికినవాణ్ని, గింజ కొరకలేడంటే నలుగురిలో తలెత్తుకోగలనా? గింజలమ్మకి అసలు చెప్పకు. నీకు పుణ్యముంటుంది."

"చెప్పను. నా ఉద్యోగం మీద ఒట్టు," అన్నాడు ఉడుము. మూడు వారాల కడుపుమంట ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆయన్ని వాటేసుకోబోయి, పళ్లు అడ్డొచ్చి ఆగాడు.

అప్పుడు తట్టింది. వెర్రివెధవా! నిన్నిక్కడికి తోలిందెవరు? నీ కుళ్లు చూసి, దానికి ఇంత నెయ్యి పోసిందెవరు?

తొమ్మిది యాభై తొమ్మిది.

మెసేజ్ బయల్దేరే కంప్యూటర్ గది దాకా ఒకటే పరుగు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల కళ్లద్దాల సుందరి గోడకి అతుక్కుపోయి మణికట్టు పట్టుకుని మూలుగుతోంది. నేల మీద లిప్‌స్టిక్‌లా కనబడే బుల్లి పిస్తోలు. ఎదురుగా గింజలమ్మ. చేతిలో బస్తాలోకి గుచ్చి గింజలు తీసే ఇనప గొట్టం, రెండో దెబ్బకి సిద్ధంగా.

"వచ్చారా? రండి! మీ ఇద్దరూ కలిసే ఉంటారనుకుని వచ్చా. ఇది ఒక్కతే నా మెసేజ్ మీద కూర్చుంది!"

తెర మీద: తేమ పద్దెనిమిది శాతం. కింద అంకెలు తిరుగుతున్నాయి. ఐదు. నాలుగు.

ఉడుము కారియర్ బల్ల మీద పెట్టి కింది గిన్నె మీట నొక్కాడు. మూడు. రెండు. 'సిగ్నల్ లేదు' అంది తెర.

"బతికించాడు దేవుడు, సిగ్నల్ పోయింది!" గింజలమ్మ కీబోర్డు మీద పడింది. "ఇది పాస్‌వర్డ్ కూడా మార్చినట్టుంది... లేదు, లేదు, వచ్చింది..."

అరవై సెకన్లు. డెబ్బై. ఆవిడ పద్దెనిమిది చెరిపింది. ఎనభై. పన్నెండు కొట్టింది. ఎనభై ఏడో సెకనులో 'సేవ్' నొక్కింది. బ్యాటరీ చచ్చింది. మరుక్షణం హాల్లో నాలుగొందల ఫోన్లు ఒక్కసారి మోగాయి.

సెక్యూరిటీ వాళ్లు సుందరిని ఈడ్చుకెళ్తుంటే ఆమె అరిచింది. "పిచ్చిదానా, నీ మొగుడు సీక్రెట్ ఏజెంట్!"

గింజలమ్మ పడీపడీ నవ్వింది. "ఈయనా? కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు!"

ఉడుము నెత్తి తడుముకున్నాడు.

"ఇంతకీ నీకెలా అనుమానం వచ్చింది?"

"అది మీ మోచెయ్యి పట్టుకున్న దగ్గర్నుంచి దాని మీంచి కళ్లు తీస్తే కదా! మీరటు వెళ్లగానే పక్కనున్న రైతుతో 'నేనూ రైతుబిడ్డనే' అంటూ బల్ల మీది గులాబీ రంగు గింజలు తీసి కరకరా నమిలింది. విత్తనశుద్ధి మందు పట్టించినవండీ అవి! రైతు ఇంట్లో పాకే పిల్లకి కూడా తెలుసు, రంగు గింజ నోట్లో పెట్టకూడదని. ఉమ్ముకుంటూ బయటికి పరిగెత్తింది. మీ దగ్గరికే అనుకున్నా, ఈ గొట్టం పట్టుకుని వెంటపడ్డా."

నిజమే, సుందరి పెదాలు, పళ్లు, నాలుక గులాబీ రంగులో ఉన్నాయి. మొగుడి అసూయ దేశాన్ని ముంచబోయింది, పెళ్లాం అసూయ ఒడ్డున పడేసింది. చీఫ్ ఆ సాయంత్రం ఫోన్ చేసి, సొంత మనిషి అమ్ముడుపోయినందుకు సిగ్గుపడుతూ, రిపోర్టులో 'ఆ ఇనప గొట్టం ఎవరిదో రాయకు' అని మాత్రం అన్నాడు.

రాత్రి భోజనం దగ్గర గింజలమ్మ కారియర్ విప్పింది. "కింది గిన్నె ఖాళీగా తెచ్చారేంటండీ?" అని, జవాబు కోసం ఆగకుండా వేరే మాటలోకి వెళ్లిపోయింది. "పాపం, ప్రొఫెసర్ గారు ఎంత కంగారు పడ్డారో! అయినా చివర్లో వచ్చి ఎంత బాగా నవ్వారండీ. ఆ పలువరస చూశారా అసలు?"

ఉడుము రెండు దేశాల జైళ్లలో గోళ్లు ఊడబీకినా నోరు విప్పనివాడు. నీళ్లు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. ఒట్టు గుర్తు తెచ్చుకున్నాడు.

"చూశాను," అన్నాడు. "చాలా దగ్గర్నుంచి చూశాను."